పదిహేను శాతం మనుషులు

సాయంత్రం అందరూ బ్యాగులు సర్దుకుంటున్న వేళ సత్యవేణి ఊరి స్టైల్ షీట్ తెరిచి, మురారి పేరు పక్కనున్న ఒకటి తీసేసి సున్నా పెట్టింది. ఉగాది నుంచీ కడుపులో రగులుతున్న మంట అది. ఆ రాత్రి ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువే తిని హాయిగా నిద్రపోయింది.

మర్నాడు కొండ మీది ల్యాబ్‌లో హోటళ్ళ యజమానులకి మీటింగు. ల్యాబ్ పెద్ద పీసపాటి మురారి ఖరీదైన చొక్కా వేసుకుని తెర ముందు నిలబడ్డాడు. వెనక అద్దాల్లోంచి సముద్రం తళతళలాడుతోంది. సత్యవేణి చివరి వరసలో కూర్చుని చేతులు కట్టుకుంది.

"అందం అంటే ఏదో తెచ్చి పెట్టడం కాదండీ. అక్కర్లేనిది తీసెయ్యడం," అంటున్నాడు మురారి. "మన ఊళ్ళో ఏది కనబడాలో, ఏది కనబడకూడదో..."

ఆఫీసులు తెరిచే వేళయింది. కొత్త షీట్ ఊరంతటి కళ్ళల్లోకీ వెళ్ళింది. మాట నడుస్తుండగానే మురారి మాయమైపోయాడు. చొక్కాతో సహా.

హోటళ్ళవాళ్ళు ఒక్క క్షణం నోళ్ళు వెళ్ళబెట్టారు. తర్వాత, ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. "అబ్బ, భలే చేశారండీ!" అన్నాడు ముందు వరసలోని బొజ్జాయన. సత్యవేణి ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆమెకి మురారి నిక్షేపంలా కనబడుతూనే ఉన్నాడు. తన రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని, అవి తనకే కనబడక, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ వెర్రి చూపులు చూస్తున్నాడు. ఆ చూపు చూసేసరికి ఆమె కడుపు చల్లబడింది.

ఆ ల్యాబ్‌లో పుట్టింది కనుపొర. కంటిగుడ్డు మీద అతికే పల్చటి పొర. డాక్టరు ఒకసారి అతికిస్తే మళ్ళీ డాక్టరే తియ్యాలి. బళ్ళు నడిపేవాళ్ళు, బడిపిల్లలు, ఉద్యోగస్థులు, చివరికి తలుపుల దగ్గరి కెమెరాలు కూడా ఆ పొరలోంచే లోకాన్ని చూస్తున్నాయి. సత్యవేణి అంతకుముందు వెబ్ పేజీలు చేసేది. పేజీలో ఒక బొమ్మని పల్చన చేసి, దాని వెనకున్నది కనబడేలా చెయ్యడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ఒపాసిటీ ఒకటి అంటే పూర్తిగా కనబడుతుంది, సున్నా అంటే వెనకున్నదే కనబడుతుంది. ఆ కిటుకు తెచ్చి వీళ్ళు ఊరికే తగిలించారు. ఊరంతా ఒక పేజీ. కరెంటు తీగలు పల్చన, చెత్తకుండీలు పల్చన, పూలచెట్లు చిక్కన. ఏది ఎంత కనబడాలో రాసుండే చిట్టాయే స్టైల్ షీట్, అది రోజుకి ఒక్కసారే అందరి కళ్ళల్లోకీ వెళ్తుంది. ఏం మార్చినా మర్నాటి పొద్దుటి దాకా ఆగాల్సిందే. దాని తాళం ఇద్దరి దగ్గరే ఉంది, మురారి దగ్గరా సత్యవేణి దగ్గరా.

కాబట్టి మురారికి అనుమానం రావడానికి అట్టే సేపు పట్టలేదు. తడుముకుంటూ బయటికొస్తూ కాంటీన్ అప్పలకొండని గుద్దేశాడు. ట్రేలో టీలన్నీ నేలపాలయ్యాయి. పాపం అప్పలకొండ గాలిని తిట్టుకుంటూ కూర్చుండిపోయాడు. పేజీలో అయినా అంతే. సున్నా పెట్టిన బటన్ కనబడదు గానీ, దాని చోటు దానికుంటుంది. వేలు తగిలితే నొక్కుకుంటుంది కూడా.

"నువ్వే కదూ?" అన్నాడు మురారి ఆమె బల్ల మీదికి వంగి.

"ఎవరండీ? గొంతు వినబడుతోంది, మనిషి కనబడ్డం లేదే!"

"వేళాకోళాలొద్దు సత్యవేణీ."

"సరే లెండి. నాకు కనబడుతున్నారు. నేను పొర తీయించేసుకుని చాన్నాళ్ళయింది. చొక్కా మీద టీ పడింది, తుడుచుకోండి."

మురారి కనబడని చొక్కాని కనబడని చేత్తో తడుముకున్నాడు. "ఇప్పటికిప్పుడు తీసెయ్."

"ఎలా తీస్తాను సార్? షీట్ రోజుకొక్కసారే అని రూలు పెట్టింది తమరే కదా. రేపు పొద్దున్నదాకా ఇంతే. మీ తాళం తెరుచుకోవాలంటే కెమెరాకి మీ మొహం కనబడాలి, కనబడదు. రేపైనా నేను తియ్యాలంటే, కమిటీ వాళ్ళ దగ్గరికెళ్ళి నిజం చెప్పండి. మా అక్కకి ఎంత పెట్టారో చెప్పండి."

ఆ అక్క పేరు మైలపల్లి నూకరత్నం. జాలరిపేట నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని బీచ్ రోడ్డు పొడుగునా అమ్మేది. అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని సాకింది, చదివించింది, తాను మాత్రం సంతకం దగ్గరే ఆగిపోయింది. "నీకేటే, నువ్వు సదువుకో. గంప నాను మోస్తాను గదా," అనేది. చెల్లెలు కొండ మీద ల్యాబ్‌లో చేరిన రోజున పేటంతా తిరిగి వంజరం చేపలు ఊరికే పంచిపెట్టింది. మర్నాడు మళ్ళీ గంప ఎత్తుకుంది. మానెయ్యమంటే, "నా గంప నీకేటి బరువే?" అని నవ్వింది.

బీచ్ రోడ్డులో గంపలవాళ్ళు, తోపుడు బళ్ళవాళ్ళు సముద్రానికి అడ్డొస్తున్నారని హోటళ్ళవాళ్ళు ల్యాబ్‌కి మొరపెట్టుకున్నారు. మనుషుల్ని పల్చన చెయ్యడమేమిటని సత్యవేణి నెత్తీ నోరూ కొట్టుకుంది. మురారి వినలేదు. ఆఖరికి ఆమె గట్టిగా పట్టుబట్టి, అరవై శాతానికి తగ్గడానికి వీల్లేదని ఒప్పించింది. అరవై ఉంటే బండి నడిపేవాడికి మనిషని తెలుస్తుంది. ఆ తర్వాత ఉగాదినాడు ఒక కొత్త హోటల్ ప్రారంభమైంది. పెద్ద పెద్దవాళ్ళొస్తున్నారని ఆ ముందు సాయంత్రం మురారి గుట్టుచప్పుడు కాకుండా అరవైని పదిహేను చేశాడు. మర్నాడు ఎదురెండలో, సముద్రపు వెలుగులో, పదిహేను శాతం నూకరత్నం రోడ్డు దాటుతోంది. కారాయన బ్రేకే వెయ్యలేదు. "నా కళ్ళకి అక్కడెవరూ లేరండీ," అని ఏడ్చాడట. అది నిజమే.

ల్యాబ్ వాళ్ళే వేసుకున్న కమిటీ ముందు మురారి చెప్పింది మాత్రం వేరు. "అరవై పెట్టాం. చక్కగా కనబడుతుంది. ఆవిడే చూసుకోకుండా అడ్డంగా వచ్చేసింది." పాత షీట్లు ఏవీ మిగల్చలేదు, పదిహేను తాను చూశానని సత్యవేణి మొత్తుకున్నా రుజువు లేదు. కమిటీ తలూపింది. పోయిన మనిషిదే తప్పని తేల్చేసింది. ఆ మాట విన్ననాడే సత్యవేణి వెళ్ళి కళ్ళ పొరలు తీయించేసుకుంది. ఉద్యోగం మాత్రం మానలేదు. మానేస్తే తాళం పోతుంది. గొడవ సద్దుమణిగాక మురారి గంపలవాళ్ళకి మళ్ళీ పదిహేనే పెట్టాడు, ఆమె ఎన్నిసార్లు పెంచినా దించేశాడు.

"ఆ చేపలావిడ గొడవ ఎప్పుడో అయిపోయింది," అంటున్నాడు మురారి ఇప్పుడు. "నన్నిలా ఏడిపిస్తే ఆవిడ తిరిగొస్తుందా?"

"రాదు. అయినా నాకు బానే ఉంది సార్. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి కదా."

అంతలో మురారి జేబులో ఫోను మోగింది. తడుముకుని తీసి చెవికి ఆనించుకున్నాడు. అవతల బడి హెడ్ మేడమ్ గాభరా గొంతు సత్యవేణికి కూడా వినబడుతోంది. మీ పాప మైథిలిని మీరేమైనా తీసుకెళ్ళారా అని అడుగుతోంది. పిల్ల బల్ల మీద సంచి ఉంది, పిల్ల లేదు. క్లాసులో ఖాళీ బెంచీ మీంచి ఏడుపు వినబడిందని పిల్లలందరూ కేకలు పెట్టారట. గేటు దానంతటదే తెరుచుకుంటే వాచ్‌మన్ గాలేమో అనుకున్నాడట.

సత్యవేణి కుర్చీలోంచి లేచిన సంగతి ఆమెకే తెలియదు.

వెబ్ పని నేర్చుకునే ప్రతివాళ్ళూ మొట్టమొదట చేసే తప్పు ఒకటుంది. వెనకాల బొమ్మ ఒక్కటే పల్చబడాలని పెట్టె మొత్తానికి ఒపాసిటీ తగ్గిస్తారు. పెట్టెతో పాటు లోపలున్న అక్షరాలు, బటన్లు అన్నీ పల్చబడిపోతాయి. లోపలిదానికి విడిగా ఒకటి పెట్టినా లాభం లేదు, పైపెట్టె సున్నా అయితే అన్నీ సున్నానే. సత్యవేణికి ఇది నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ కనుపొరకి ఊరి జనాన్ని ఎక్కించేటప్పుడు ల్యాబ్ వాళ్ళు ఒళ్ళు దాచుకుని రేషన్ కార్డుల్ని ఉన్నదున్నట్టు పోసేశారు. కార్డు మీద ఇంటి యజమాని పేరు, దాని కింద పెళ్ళాం, పిల్లలు. అంటే యజమానే పెట్టె. మిగతావాళ్ళు లోపల. గంపలవాళ్ళని పల్చన చేసింది నెత్తిన గంపని బట్టే గానీ కార్డుని బట్టి కాదు కాబట్టి, ఈ సంగతి అప్పుడు బయటపడలేదు. సత్యవేణి కార్డులో యజమాని నూకరత్నం, కింద తనొక్కతే. అక్క పోయాక కార్డులో ఒంటిగా మిగిలింది. పగబట్టిన కళ్ళకి మురారి కూడా ఒంటి మనిషిలాగే కనబడ్డాడు. అతని పెట్టెలో ఎవరున్నారో తొంగి చూడాలని కూడా తోచలేదు.

"మా పాప..." అన్నాడు మురారి. అతనికీ అర్థమైంది. "నా కింద ఉంది. మా ఆవిడ కూడా."

"పదండి," అంది సత్యవేణి.

బడి కొండ కిందే, బీచ్ రోడ్డుకి ఆనుకుని ఉంది. ఇద్దరూ ఆమె స్కూటర్ మీద దిగారు. దిగాక మురారి ఆమె మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. ఊరందరి కళ్ళకీ పొర కట్టిన మనిషి, తన కళ్ళ పొర పీక్కోలేక నీళ్ళు కారేలా నలుపుకుంటున్నాడు. "నాకు కనబడదమ్మా. నువ్వే చూడాలి. నీకే కనబడుతుంది," అంటున్నాడు. పొద్దున్నే సత్యవేణీ అని గద్దించిన నోరు ఇప్పుడు అమ్మా అంటోంది.

కనబడింది. రోడ్డు మధ్య డివైడర్ మీద, నీలం గౌనులో, రెండు జడలతో. ఒక చెయ్యి కళ్ళ ముందు పెట్టుకుని దాన్ని వెతుక్కుంటోంది. అటూ ఇటూ కార్లు రివ్వున పోతున్నాయి. రోడ్డు వార కూర్చున్న చేపలమ్మే ఆడవాళ్ళకి పొరలు లేవు. వాళ్ళకి పిల్ల శుభ్రంగా కనబడుతోంది. "ఒలమ్మా, పిల్ల గుంట! గుంట! కార్లాపండ్రా!" అని లేచి చేతులూపుతున్నారు. ఊపి ఏం లాభం? కార్లవాళ్ళకి వాళ్ళంతా పదిహేను శాతం మనుషులు. హారన్ల మధ్య వాళ్ళ అరుపులు ఎవరికీ ఆనడం లేదు.

"కనబడిందా? ఎక్కడుంది? చెప్పమ్మా!"

సత్యవేణి చెప్పలేదు. ఒక్క ఊపిరి తీసేంత సేపు నోరు కట్టుకుని నిలబడింది. ఆ ఊపిరిలో ఆమె ఏం కోరుకుందో దాచి లాభం లేదు. వీడూ నాలాగే రోడ్డు మీద కూలబడి ఏడవాలి అనుకుంది. వాడి కడుపు కూడా అలాగే కాలాలి అనుకుంది. అంతలో పిల్ల ఏడుపు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటూ, డివైడర్ దిగడానికి ఒక కాలు కిందికి పెట్టింది.

సత్యవేణి మోచెయ్యి విదిలించుకుని రోడ్డు మీదికి దూకింది. ఆమె వంద శాతం మనిషి. చేతులు రెండూ బారజాపి నిలబడేసరికి కార్లు కీచుమంటూ ఆగాయి. ఒకడు అద్దం దించి, "చావాలనుందేటి?" అని అరిచాడు. ఆమె పిల్లని ఎత్తుకుంది. వాడి కళ్ళకి ఆమె ఖాళీ చేతుల్ని గుండెకి హత్తుకుని రోడ్డు దాటింది. పిచ్చిదనుకుని బండి ముందుకి పోనిచ్చాడు.

"ఆంటీ, నేను చచ్చిపోయానా?" అంది మైథిలి ఆమె మెడ కరుచుకుని.

"లేదమ్మా. నువ్వున్నావు. నాకు కనబడుతున్నావు," అంది సత్యవేణి. అప్పుడు మాత్రం ఆమెకి ఏడుపొచ్చింది.

సముద్రం వైపు పిట్టగోడ పట్టుకుని, "మైథిలీ! మైథిలీ!" అని పిలుస్తూ ఒకావిడ వస్తోంది. మెడలో బ్యాంకు కార్డు వేలాడుతోంది. మురారి భార్య సుభాషిణి. పొద్దుటి నుంచీ కౌంటర్లో కూర్చుని ఎంత పిలిచినా ఖాతాదార్లు పక్క కౌంటరుకే పోయారు. బడి నుంచి ఫోనొచ్చాక ఒక్క ఆటో ఆగలేదు. నడిచే వచ్చింది. ఎవరెవరో గుద్దుకున్నారు, చేతికి గీరుకుపోయి రక్తం కారుతోంది. సత్యవేణి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పిట్టగోడ దగ్గర ముగ్గురూ ఒక్కచోట చేరారు. ఒకరికొకరు కనబడరు. పిల్ల తల మీద తల్లి చెయ్యి, తల్లి చేతి మీద తండ్రి చెయ్యి తడుముకుంటున్నాయి. చూస్తున్నది సత్యవేణీ, గంపలవాళ్ళూ.

సత్యవేణి దాచుకోలేదు. "ఇది నేను చేసిందే సుభాషిణి గారూ. ఆయన మీద కసితో చేశాను. మీరిద్దరూ లోపలున్నారని చూసుకోలేదు."

సుభాషిణి తడుముతూ పిల్లని దగ్గరికి లాక్కుంది. "ముందు నా పిల్ల కనబడే దారి చెప్పు," అంది.

"ఒక్కటే దారి. ఆయన పెట్టెలోంచి బయటికి తియ్యాలి. పుట్టినా, పోయినా, వేరుపడినా ఆ మార్పు వెంటనే ఎక్కుతుంది, రేపటిదాకా ఆగదు. మీరు వేరే కార్డు పెట్టుకుని పిల్లని మీ కింద రాయించుకోవాలి. నా ఫోను మీద వేలిముద్ర వేస్తే చాలు."

"అక్కర్లేదు, రేపు పొద్దున్నే అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు మురారి. "ఇంటికి వెళ్ళి తలుపేసుకుంటే..."

"రేపటిదాకా ఇది తన చెయ్యి తను చూసుకోకుండా ఉండాలా?" అంది సుభాషిణి. వేలు ముందుకి చాపింది. సత్యవేణి ఆ వేలు పట్టుకుని ఫోను మీద ఆనించింది.

తల్లీ కూతుళ్ళిద్దరూ గాల్లోంచి ఊడిపడ్డట్టు కనబడ్డారు. దారిన పోయే జంట ఒకటి ఉలిక్కిపడి పక్కకి తప్పుకుంది. మైథిలి తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, తల్లిని చూసి బావురుమంది. మురారికీ వాళ్ళు కనబడ్డారు. "హమ్మయ్య," అన్నాడు. వాళ్ళకి మాత్రం అతను కనబడలేదు.

సుభాషిణి ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. "ఒక్క సంగతి చెప్పండి. ఆ చేపలావిడకి ఎంత పెట్టారు? ఇంట్లో నాకు కూడా అరవై అనే చెప్పారు. ఇవాళ నేను ఎవరికీ కనబడకుండా రోడ్డు మీద నడిచొచ్చాను. ఇప్పుడు చెప్పండి, ఎంత?"

మురారి అటూ ఇటూ చూశాడు. ఎదురుగా సత్యవేణి, చుట్టూ గంపలవాళ్ళు. చెబితే ఉద్యోగం, పరువు, అన్నీ పోతాయి. పెదవులు బిగించుకుని నిలబడ్డాడు. సత్యవేణి నిలబడ్డ చోటు నుంచి చూస్తే అది తప్పు చేసి తల దించుకున్న మనిషి. సుభాషిణి వైపు నుంచి చూస్తే అక్కడ పిట్టగోడ ఉంది, సముద్రం ఉంది.

"నాన్నా?" అంది మైథిలి.

పిల్ల కళ్ళు పిట్టగోడ వెంట వెతికాయి.

"ఇక్కడెవరూ లేరమ్మా. పద," అంది సుభాషిణి. పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. వాళ్ళు కనబడుతున్నారు కాబట్టి కార్లన్నీ మర్యాదగా ఆగాయి. వాళ్ళు దాటాక మళ్ళీ కదిలాయి.

అప్పుడు అరిచాడు మురారి. "పదిహేను! సుభా, పదిహేను! నేనే పెట్టాను! హోటల్ వాళ్ళ కోసం నేనే పెట్టాను!" అవతలి వైపు సుభాషిణి వెనక్కి తిరగలేదు. ఇంత రొదలో వినబడి ఉండదు. విన్నది గంపలవాళ్ళే. మురారి కళ్ళకి వాళ్ళు ఉన్నారో లేరో తెలియనంత పల్చగా ఉన్నారు. వాళ్ళకి మాత్రం అతను బాగా కనబడుతున్నాడు. చొక్కా మీది టీ మరకతో సహా.

గంప ముందు కూర్చున్న ముసలి ఎల్లాయమ్మ తల ఎత్తింది. "మాకెరుకే బాబూ. నూకరత్నం పోయిన్నాడే మాకెరుకే. మాకు సెప్పి ఏటి లాబం? కనబడీవోలకి సెప్పు," అని చేపల మీద ఈగల్ని తోలుకుంది.

మురారి సత్యవేణి వైపు తిరిగాడు. "చెప్తాను. రేపే కమిటీ ముందు చెప్తాను. నన్ను మళ్ళీ కనబడేలా చేసెయ్యమ్మా."

"చెప్పండి. ముందు రేపటిదాకా బతకండి."

మురారి రోడ్డు వైపు తిరిగాడు. భార్యా కూతురూ వెళ్ళిన వైపు చూశాడు. మధ్యలో రోడ్డుంది. పేవ్‌మెంట్ అంచు దాకా వెళ్ళి ఒక అడుగు కిందికి వేశాడు. ఎర్ర కారొకటి చొక్కా అంచుని రాసుకుంటూ పోయింది. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. ఈసారి బస్సు.

"నా చెయ్యి పట్టుకుని దాటించమ్మా," అన్నాడు. "నువ్వు పక్కనుంటే ఆగుతాయి. దండం పెడతాను."

"మా అక్కని ఎవరు దాటించారు సార్?"

సత్యవేణి వెళ్ళి ఎల్లాయమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ ఏమీ అడగకుండా కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. ఎదురుగా రోడ్డు అంచున మురారి అడుగు ముందుకి వేస్తున్నాడు, వెనక్కి తీస్తున్నాడు. కార్లు మాత్రం ఆగడం లేదు. అతను దాటేదాకా సత్యవేణి అక్కణ్ణించి లేవలేదు, చెయ్యీ అందించలేదు.